చెవుల్లో లోపం

"ఏమండీ, కాస్త ఆ తలుపు తీస్తారా?" అంది ఆమె, మోచేతుల దాకా సబ్బు నురగతో గిన్నెలు తోముతూ. గంట మళ్ళీ మోగింది. హాల్లో పేపరు పేజీ తిరిగిన చప్పుడైంది గాని కుర్చీ కదిలిన చప్పుడు కాలేదు. చేతులు తుడుచుకుని తనే వెళ్ళి తలుపు తీసింది. ఆయన తలెత్తి, "ఒక్క మాట చెబితే నేను తీసేవాణ్ణిగా" అన్నాడు. వెటకారం లేదు, పాపం నిజంగానే అన్నాడు.

అదే ఆమెకు అంతుపట్టనిది. కోపిష్టి మనిషైతే తనూ కోపం తెచ్చుకోవచ్చు. ఈయన కసరడు, చెయ్యెత్తడు. ఆకలేస్తే కంచం ముందుకొస్తుంది, బీరువా తెరిస్తే ఇస్త్రీ చొక్కా ఉంటుంది. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న అనుమానం ఆయనకు ఎన్నడూ కలగలేదు. "మావాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, తన లోకంలో తనుంటాడు" అని అత్తగారు మురిసిపోతుంది. ఆ లోకంలో ఇంకో మనిషికి చోటుందో లేదో ఆవిడా ఎప్పుడూ చూడలేదు.

కిందటి నెల ఆమె బాత్రూములో జారిపడింది. నడుము పట్టేసి లేవలేక, నేల మీంచే పిలిచింది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. తలుపవతల పేపరు పేజీలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి గోడ పట్టుకుని ఎలాగో బయటికొస్తే, "అయ్యో, నన్ను పిలవకపోయావా?" అన్నాడు.

"పిలిచానండీ."

"పిలవలేదే. నీకన్నీ ఊహలు."

ఆ మాట లోపల దిగబడిపోయింది. నిజంగా పిలిచిందా? తనకు వినపడిందంటే చాలదు, కలలో అరిచిన అరుపు కూడా అరిచినవాళ్ళకు వినపడుతుంది. చిన్నప్పుడు కళ్ళు మూసుకుంటే లోకమంతా మాయమైపోతుందనుకుని, చప్పున తెరిచి నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మాట గొంతు దాటిందో లేదో చెప్పేవాళ్ళే లేనప్పుడు, ఈ గిన్నెలూ ఈ గోడలూ ఆ మనిషీ తన తలకు బయట ఉన్నారని మాత్రం నమ్మకమేమిటి? లేకపోతే ఉన్నది ఆయనొక్కడేనా? తను ఆయన తలలో ఎప్పుడైనా మెదిలి ఆరిపోయే ఆలోచనా? కూరలు తరుగుతూ తరుగుతూ ఆగి, చెయ్యి గిల్లి చూసుకునేది. నొప్పి పుట్టేది. ఆ నొప్పీ తనదే కదా, దాని సాక్ష్యం ఏం చెల్లుతుంది?

"వాడికి చెవులు మందగించాయేమో! నువ్వు చేసే పని అదేగా, ఓసారి చూడరాదూ?" అంది అత్తగారు. ఆ ముక్క వినేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం వినికిడి పరీక్షలు చేయడమే. లోపం తేలితే చాలు, ఇన్నేళ్ళదీ ఒక్క ఊపున మాఫీ. చెవికి మిషను పెట్టిస్తుంది, కాపురం కొత్తగా మొదలుపెడుతుంది. మొగుడికి చెవుడుంటే బాగుండునని కోరుకునే పెళ్ళాం లోకంలో తనొక్కతే అయివుంటుందని సిగ్గేసింది కూడా.

ఆయన వచ్చాడు. బయటి చప్పుడు చొరబడని చిన్నగదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, "చప్పుడు వినపడగానే బటన్ నొక్కండి" అని చెప్పింది. అద్దం ఇవతల కూర్చుని చప్పుడు తగ్గిస్తూ పోయింది. నొక్కాడు. ఇంకా తగ్గించింది. నొక్కాడు. మంచి చెవులున్నవాళ్ళు కూడా తడబడే చోట టక్కున నొక్కాడు.

ఇంకా మాటల పరీక్ష మిగిలింది. ఆమె మైకులో పలికిన మాటను ఆయన తిరిగి చెప్పాలి.

"గిన్నె."

"గిన్నె."

"తలుపు."

"తలుపు."

ఆమె పలికినప్పుడల్లా యంత్రం మీద చప్పుడు కొలిచే ముల్లు లేచి పడుతోంది. రోజూ చూసేదే. లోపలివాళ్ళు బటన్ నొక్కినా నొక్కకపోయినా, చప్పుడున్నంతసేపూ అది కదులుతుంది. వాళ్ళకు వినపడనంత మాత్రాన చప్పుడే లేదని ఆమె ఏ రోజూ రాయలేదు. మరి తన విషయంలో ఇన్నాళ్ళూ అలా ఎందుకు నమ్మింది?

గొంతు గుసగుసకు దించింది. "నేను పిలిచాను."

"నేను పిలిచాను" అన్నాడాయన, గోడకేసి చూస్తూ.

"మీకు వినపడింది."

"మీకు వినపడింది."

ముల్లు లేచింది, పడింది. దాన్నే చూస్తూ, "నేను ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాను" అంది.

"నేను ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాను." ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

బయటికొచ్చి, "ఏమంటున్నాయి నా చెవులు?" అన్నాడు.

"భేషుగ్గా ఉన్నాయండీ."

"నే చెప్పలా? సరే, సాయంత్రం పెందరాళే వచ్చెయ్."

"రానండీ. ఇందాకే చెప్పాను."

"ఎప్పుడు? చెప్పలేదే" అంటూ జేబులోంచి ఫోను తీసుకుని, దాంట్లోకి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చి తర్వాతి మనిషిని కేకేసింది. వరండా చివర బెంచీ మీద, చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న ముసలావిడ గబుక్కున తల తిప్పింది.

"నన్నేనా తల్లీ? పిలిచావా?"

"పిలిచానమ్మా" అంది ఆమె. "పిలిచాను."