గొంగడి పట్టీ గడియారం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక గొర్రె, దాని పిల్ల. గడప పక్కన కూర్చొని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్న అవ్వ సుక్కమ్మ. పొయ్యి మీద జొన్న గటక కెలుకుతున్న అమ్మ గుర్వమ్మ. గుంజకు ఆనుకొని, నోట్లో చుట్ట పెట్టుకొని ముట్టించుకోవడం మర్చిపోయిన బాపు అంజన్న. మూలన రాత్రి ఈనిన గొర్రె. దాని పిల్లను ఒళ్లో పెట్టుకొని పాత గుడ్డతో తుడుస్తున్న బిక్షమ్మ.

బిక్షమ్మకు పదిహేనో యేడు నడుస్తోంది. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు బతకలేదు. అందుకని పుట్టగానే చాటలో పడుకోబెట్టి, దేవుడి బిచ్చంగా తీసుకొని, ఆ పేరు పెట్టారు. ఊరి బడిలో నాలుగు తరగతులు చదివింది. అక్కడ పంతులు ఏదడిగినా పలక మీద రాసి చూపించేది తప్ప నోరు విప్పేది కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా అనేది. అలాంటి పిల్ల చేతికి, మట్టిగాజుల పక్కన, ఒక గడియారం ఉంది. నల్లటి గొంగడి ఉన్నితో అల్లిన పట్టీ దానికి.

బయట డప్పు మోగింది.

"గడిల సామాను ఎవల ఇంట్ల ఏమున్నా పొద్దుగూకేలోపల చావడి ముందట తెచ్చి పెట్టాలె. పెట్టనోళ్ల ఇండ్లు మిలిట్రీ వాళ్లు సోదా చేస్తరహో."

కేతేపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో అదే డప్పు. అంతకు ముందు యేడు దొరలకు ఎదురు తిరిగిన సంఘపోళ్లు గడి మీద, కోటలాంటి ఆ దొర ఇంటి మీద పడి, గాదెలు పగలగొట్టి, ఊరందరికీ జొన్నలు పంచారు. దొర రాత్రికి రాత్రే పట్నం పారిపోయాడు. ఆ తర్వాత రజాకార్లు వచ్చారు, పోయారు. యూనియన్ మిలిట్రీ వచ్చింది. రజాకార్ల పీడ విరగడైందని జనం ఊపిరి పీల్చుకునే లోపలే, ఆ మిలిట్రీ లారీల వెనకాలే దొర కూడా దిగాడు. ఈసారి నెత్తి మీద రుమాలు లేదు, తెల్లటోపీ ఉంది. టోపీ కింద మనిషి మాత్రం పాత మనిషే.

"గడిలకెంచి మనకేమొచ్చింది?" అన్నది అమ్మ, తెడ్డు ఆపకుండానే. "జొన్నలొచ్చినయ్. తిన్నం. అరిగినయ్. అవెట్ల వాపసియ్యాలె?"

"ఏం రాలేదంటే నమ్ముతరా? పక్కూళ్లె ఒట్టి చేతులతోని పోయినోళ్లను చింతచెట్టుకు కట్టేసిన్రంట. దాసిపెట్టిన్రు అని," అన్నాడు బాపు.

"మన పోచయ్య బావ ఏం పెట్టిండట?"

"ఇత్తడి చెంబు."

"గడిదా?"

"గడిది యాడిది. ఆయన పెండ్లికి అత్తగారు పెట్టింది. గడిదే, బాంచెన్, తప్పైందని చెప్పి కుప్పల ఏసొచ్చిండు. దెబ్బలు తప్పినయ్."

అవ్వ కదురు ఆపి నవ్వింది. "దొంగతనం చెయ్యకుండనే దొంగసొమ్ము వాపసిచ్చుడు. నా ఈడు మనిషి గూడ సూడలే గిసొంటిది."

బాపు నవ్వలేదు. ఇల్లంతా కళ్లతో వెతికాడు. అమ్మ కాళ్ల కడియాల దగ్గర ఆగాడు. అమ్మ కాళ్లు చీర కిందికి లాక్కుంది. ఆయన చూపు అక్కణ్ణుంచి జారి బిక్షమ్మ చేతి మీద పడింది.

"గడియారమైతే నమ్ముతరు," అన్నాడు మెల్లగా. "కురుమోళ్ల ఇంట్ల గడియారం యాడికెంచి వస్తది? గడిదే అయ్యుంటదని వాళ్లే అనుకుంటరు."

గడియారం పోతుందన్న దానికన్నా ఆ మాటే బిక్షమ్మకు ఎక్కువ తగిలింది.

ఆ గడియారం ఎక్కణ్ణుంచి వచ్చిందో బాపుకు తెలియదా? అమ్మ తమ్ముడు కాటమయ్య సూర్యాపేటలో ఒక గడియారాల దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. బాగుకావని మూల పడేసిన చేతిగడియారాలను సేటును అడిగి తీసుకొని, ఊరికి వచ్చినప్పుడల్లా మేనకోడలికి తెచ్చి ఇచ్చేవాడు. "సచ్చిపోయినయ్ బిడ్డా, ఆడుకో," అనేవాడు. బిక్షమ్మ వాటితో ఆడుకోలేదు. బీడీల డబ్బాలో ఒక్కొక్కటి విడిగా గుడ్డలో చుట్టి దాచింది. బాపు గొర్రెల డెక్కల్లో ముళ్లు తీసే చిమటాతో, అవ్వ సూదితో వాటి వీపులు విప్పింది. ఒకదాంట్లో చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి గాని ముళ్లు లేవు. ఇంకొకదానికి ముళ్లున్నాయి గాని లోపలంతా తుప్పు. మూడోదానికి అద్దం బాగుంది. రెండు ఎండాకాలాలు పట్టింది ఆ మూడింటినీ ఒకటి చేయడానికి. చక్రాల పెట్టె వదులై కదులుతుంటే చుట్టూ ఉన్ని పోగు దూర్చింది. అంకెలు చెరిగిపోయిన ముఖం మీద తెల్లకాగితం అంటించి, దీపం మసిని తుమ్మబంకలో కలిపి, బడిలో నేర్చుకున్న తెలుగు అంకెలు రాసింది. ఏడు కొంచెం వంకరపోయింది. తిప్పి చావి ఇచ్చే పిడి ఊడిపోతే వేరేదాని పిడి లక్కతో అతికించింది.

అది నడిచిన రోజు అవ్వ చెవికి ఆనించుకొని వింది. "పురుగు లెక్క నములుతాంది," అంది. అప్పట్నుంచి అవ్వకు అదొక ఆట అయింది. గొర్లు మందకు చేరేటప్పుడు, "నా పొద్దు ఇంకెంతున్నదో సూడు బిడ్డా," అనేది. "ఇంకా బాగనే ఉన్నదవ్వా," అనేది బిక్షమ్మ. అది సరైన టైం చెప్పేదా అంటే, ఎవరికి తెలుసు? మిట్టమధ్యాహ్నం తన నీడ కాళ్ల కిందికి వచ్చినప్పుడు బిక్షమ్మ పన్నెండు పెట్టుకునేది. ఆ గడియారం ఆమె చెప్పిన టైమే చెప్పేది.

పట్టీలు మార్చడం ఇంకో సంబరం. బతుకమ్మకు పసుపులో ముంచిన ఉన్ని పట్టీ. పీర్ల పండక్కి ఆకుపచ్చది. మామూలు రోజుల్లో నల్ల గొంగడిది. "గాజులు సాలక చేతికి తాళంబుర్ర గూడ ఏసుకున్నది నా బిడ్డ," అని అమ్మ ఎగతాళి చేసేది గాని, పసుపు నీళ్లు కాచి ఇచ్చేది కూడా అమ్మే.

ఇదంతా బాపు కళ్ల ముందే జరిగింది. అయినా ఆయనే వచ్చి, బిక్షమ్మ పక్కన గొంతుకూర్చొని, పట్టీ ముడి విప్పాడు. వంచిన తల ఎత్తలేదు. గొర్రెపిల్ల ఒళ్లోంచి జారి కింద పడి అరిచింది. బిక్షమ్మ దాన్ని మళ్లీ ఎత్తుకుంది.

పొద్దుగూకాక బాపు తిరిగొచ్చాడు. మొహం తేటగా ఉంది. "తీసుకున్నరు. గుమాస్తా ఒక్కమాట గూడ అనలే. గడిదే అని చెప్పిన, గాడ పెట్టు అన్నడు, పెట్టిన." అమ్మ గటక వడ్డించింది. పండగ రోజు తిన్నట్టు తిన్నాడు. బిక్షమ్మ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఒక అబద్ధం చెప్పి, తమ వస్తువును తామే దొంగసొమ్మని ఒప్పుకొని వస్తే, ఇంట్లో అందరి కడుపులు ఇంత చల్లబడతాయా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది. అవ్వ అలవాటు కొద్దీ, "నా పొద్దు ఇంకెంత..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, కదురు తీసుకుంది.

తెల్లారి గడి నుంచి సుంకరి వచ్చాడు. యేటా ఇవ్వాల్సిన గొంగడి ఈ యేడు ఇవ్వలేదని, ఇప్పుడు తెచ్చి ఇవ్వమని చెప్పి పోయాడు. వెట్టి పోయిందని సంఘపోళ్లు చెప్పిన మాట ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ తన కోసం నేసుకున్న గొంగడి దండెం మీంచి తీసింది. బాపు లేవబోయాడు.

"నేను పోత," అన్నది బిక్షమ్మ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. గొర్రె కూడా తల ఎత్తింది, మేత అనుకొని.

గడి లోపలి అరుగు మీద దొర కొడుకు, చిన్నదొర, ఒక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. పట్నంలో చదువుతున్నాడు. ముందు ఒక చిన్న బల్ల, దాని మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ, గుడ్డ మీద వరుసగా ఆయన పోగేసుకున్న గడియారాలు. ఒక్కొక్కటి తీసి చావి ఇచ్చి, చెవికి ఆనించుకొని, మళ్లీ పెడుతున్నాడు. వరుసలో చివర, వెండివాటి పక్కన, నల్ల గొంగడి పట్టీతో ఆమెది. అరుగు కింద గోడవారగా చావడి నుంచి తెచ్చిన కుప్ప ఉంది. చెంబులు, తాంబాలాలు, ఒక ఉయ్యాల గొలుసు. పోచయ్య పెదనాయిన చెంబు కూడా అందులోనే ఉంది, సొట్టతో సహా.

"ఎవల బిడ్డవు?"

"కురుమ అంజన్న బిడ్డను."

"గొంగడి తెచ్చినవా? గాడ పెట్టు."

ఆమె పెట్టలేదు. గొంగడిని పొట్టకు అదుముకొని నిలబడింది. మాట బయటికి రాదేమో అనుకుంది గాని వచ్చింది.

"గా కడపటి గడియారం నాది, దొరా."

చిన్నదొర దాన్ని తీసి చూశాడు. కోపం రాలేదు. పైగా సంబరంగా అడిగాడు.

"గీ అంకెలు ఎవలు రాసిన్రు?"

"నేనే."

"దేంతోని?"

"దీపం మసి. తుమ్మబంక."

"గీ ముళ్లు దీనియి కావు కదా?"

"కావు. వేరేదానియి."

"మంచిగ చేసినవ్. పట్నంల నా దోస్తులకు చూపిస్త. గిసొంటిది ఎవల దగ్గర ఉండదు."

ఒక్క క్షణం బిక్షమ్మకు సంతోషం వేసింది. వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"నాదని మీకు తెల్సిపోయింది కదా. ఇయ్యున్రి."

"నీదెట్లయితది? మీ బాపు గడిదని చెప్పి పెట్టిపోయిండు."

"భయానికి చెప్పిండు."

"అంటే అబద్ధం చెప్పిండా? ఇది నీదైతే, గడి సామాను ఇంకా మీ ఇంట్లనే ఉన్నట్టు. సోదాకు పంపాల్నా?" చిన్నదొర ఈ మాట కోపంగా అనలేదు. బడిలో లెక్క అడిగినట్టు అడిగాడు.

బాపు వంచిన తల ఆమెకు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి పోవాలనిపించింది. కానీ పక్కనే పోచయ్య పెదనాయిన చెంబు కనిపిస్తోంది.

"మా ఇంట్ల ఏం లేదు. సూసుకోమనున్రి, గొర్లున్నయ్, గొర్రెపిల్ల ఉన్నది. గా చెంబు మా పెదనాయినకు పెండ్లిల పెట్టింది. గా ఉయ్యాల గొలుసు నర్సింగమ్మ వాళ్లది, నేను గూడ ఊగిన దాంట్ల. కుప్పల సగం మా ఊరోళ్ల సొంతవే. మీ ఇంట్లయి కావని మీకెరుకే."

"ఎరుకనే," అన్నాడు చిన్నదొర.

ఆ ఒక్క మాట ఎంతో నిదానంగా అన్నాడు.

"ఎరుకైతేంది? కుప్పల పడ్డంక గడిదే." అంటూ గడియారానికి చావి ఇవ్వబోయాడు. పిడి తిరుగుతోంది గాని లోపల పట్టుకోవడం లేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చెవికి ఆనించుకున్నాడు. నిన్న పొద్దున ఆమె ఇచ్చిన చావి ఎప్పుడో అయిపోయింది. బొటనవేలి గోరుతో పిడిని లోపలికి నొక్కిపట్టి తిప్పాలి, లేకపోతే అది ఒట్టిగా తిరుగుతుంది. గొంగడి మడతల్లో బిక్షమ్మ బొటనవేలు తనకు తెలియకుండానే నొక్కింది.

"ఎట్ల ఇయ్యాలె దీనికి చావి?"

బిక్షమ్మ తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత గడిలో ఎవరి ముఖంలోకీ ఆమె అలా చూడలేదు.

"గది నాదని అనున్రి. గట్టిగ అనకున్నా సరే, గీడ మనిద్దరమే ఉన్నం. వాపసియ్యకున్నా సరే. నాదని ఒక్కసారి అంటే చెప్త."

చిన్నదొర పెదాల మీది నవ్వు ఎటో పోయింది. గడియారాలన్నీ మఖ్మల్ గుడ్డతో సహా మూటగట్టి లేచాడు. ఆమెదాన్ని మూటలో వేయలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"గొంగడి గాడ పెట్టి పో," అన్నాడు.

"నాదని మీరు అనలే, దొరా," అంటూ ఆమె గొంగడితోనే అరుగు మెట్టు ఎక్కింది.

ఆయన లోపలికి అడుగుపెట్టి, ఆమె ముఖం మీదే దర్వాజ మూసేశాడు.