దుర్గ మెడ మీద మట్టి

పొద్దున్నే ఆరింటికల్లా వీరదుర్గ బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టేది. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్కసారి పరిచి తీసేది. రేకు దానంతటదే లేచి, గదిలో కాసేపు తేలి, పక్కనున్న పళ్లెంలో వాలేది. మిగతా ఆడవాళ్లు తమ రేకుల్ని చేత్తో ఊడదీసుకోవాల్సిందే. ఆత్రేయపురంలో ఆ పూతరేకుల దుకాణం నడిపే ప్రసన్నలక్ష్మి గారికి ఇందులో వింతేమీ కనబడలేదు. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: దుర్గ పనిలో ఉన్నప్పుడు ఎవరూ ఫ్యాను వెయ్యకూడదు.

ఎగిరే రేకు ఆనని కళ్లకి దుర్గ మెడ మీది మచ్చ మాత్రం ఆనింది. గోధుమరంగులో, గరుకుగా, ఎండిన మట్టి అంటుకున్నట్టు ఉండేది. ఓ పెళ్లివారి తాలూకు ఆవిడ మూతి విరిచి, "స్నానం చెయ్యని మనిషి చేసినవా ఇవి?" అనేసరికి ప్రసన్నలక్ష్మి గారి శుభ్రత ఉలిక్కిపడి లేచింది. నేతి డబ్బాలో ఈగ పడితే ఈగని తీసేసి డబ్బాకి మూత పెట్టేసే పాటి శుభ్రత అది.

"ముందు ఒళ్లు తోముకోవే. మెడ బాగయ్యాకే కుండ ముట్టుకో," అన్నారు.

దుర్గకి ఆ కుండే బతుకుతెరువు. తోముకుంది. సున్నిపిండి, కుంకుడు రసం, కొబ్బరి పీచు, చివరికి ఇటుక ముక్క. రక్తం వచ్చింది గాని మచ్చ పోలేదు. ఊళ్లో సలహాలకేం కరువు? పండక్కో పబ్బానికో తలంటుకునే పల్లంరాజు గారు కూడా, "అసలు సబ్బు వాడతావా?" అని అడిగారు. ఊరి ఆరెంపీ డాక్టరు తామరని తేల్చి ట్యూబు రాసిచ్చాడు. రాజమండ్రిలో ఏసీ గది స్పెషలిస్టు ఆ మెడ వంక చూడకుండానే అయిదు రక్తపరీక్షలు రాశాడు. చూస్తే చదువు అరిగిపోతుంది కాబోలు!

ఆఖరికి సర్కారు ఆస్పత్రిలో డాక్టర్ సూర్యకళ గారు మచ్చ మీద వేలు పెట్టి చూశారు.

"రోజూ తోముతున్నావామ్మా?"

"రక్తం వచ్చేదాకా తోమానండి."

డాక్టరమ్మ స్పిరిట్‌లో ముంచిన దూదితో గట్టిగా రుద్దారు. దూది గోధుమరంగుకి తిరిగింది. మెడ మామూలు మెడ అయిపోయింది.

"దీన్ని టెర్రా ఫర్మా ఫార్మ్ డెర్మటోసిస్ అంటారు. అరుదుగా వస్తుంది. చచ్చిన చర్మం పేరుకుని గట్టిపడుతుంది, అంతే. మురికి కాదు, అంటుకోదు, ప్రమాదం లేదు. సబ్బుకి లొంగకుండా స్పిరిట్‌కి పోయిందంటే ఇదేనని లెక్క. వేరే పరీక్షలు అక్కర్లేదు."

"అయితే నేను శుభ్రంగానే ఉన్నానాండీ?" అంటూ దుర్గ ఏడ్చేసింది.

ఆ మాటే డాక్టరమ్మ చేత కాగితం మీద రాయించుకుని దుకాణానికి వెళ్లింది. ప్రసన్నలక్ష్మి గారు కాగితం విప్పనేలేదు.

"దూదితో పోయేదానికి ఇంత రభసా? సరే, రా. మెడకి తువ్వాలు చుట్టుకుని వెనక వసారాలో కూర్చో. బేరాలొచ్చినప్పుడు కనబడకు."

"తప్పయిందని ఒక్క మాట అనండమ్మగారూ."

"నీకా?" అని ఆవిడ నవ్వారు. నోట్లో పళ్లున్నాయి కదాని నవ్వే నవ్వు.

దుర్గ గుమ్మం దిగింది. దుకాణంలో డబ్బాల మూతలు లేచాయి. పని ఆపించకముందు ఆమె చేసిపెట్టిన రేకులన్నీ బారు తీరి, కాలవగట్టు మీదుగా ఆమె వెనకే తేలుకుంటూ పోయాయి. తగిలి విరిగిపోతాయని దారిలో జనం తలలు వంచుకుని తప్పుకున్నారు. ఆ రేకులు మర్నాటి పెళ్లివి. మూతి విరిచిన పెళ్లివారే మళ్లీ దుర్గ చేసినవే కావాలని పట్టుబట్టారు మరి! సిగ్గుకీ నాలిక్కీ చుట్టరికం ఉండదు.

సాయంత్రానికి బేరాలన్నీ దుర్గ ఇంటి అరుగు ముందుకి చేరాయి. మర్నాడు పెళ్లివారి తిట్లు పడలేక ప్రసన్నలక్ష్మి గారే వచ్చారు.

"తప్పయింది దుర్గా. అయిదొందల రేకులియ్యమ్మా," అంటూ రెండు చేతులూ చాపారు.

దుర్గ ఆ చేతుల వంక చూసింది.

"కడుక్కుని రండమ్మగారూ."

ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్లారు. ఇక చాలని దుర్గ చెప్పేదాకా కడుక్కుంటూనే ఉన్నారు.