ద్రాక్షకు చల్లటి రాత్రి కావాలి

"నువ్వు బడి మానేస్తే తోట బతుకుతుంది" అన్నాడు గిరిధర్, ఆదివారం మధ్యాహ్నం చారన్నం కలుపుకుంటూ. చారులో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా అన్నాడు. వడ్డిస్తున్న భార్య విజయకుమారి గరిటె గాల్లోనే ఆగింది. పద్నాలుగేళ్ళుగా మోపిదేవి దగ్గర హైస్కూల్లో పిల్లలకి సాంఘికశాస్త్రం చెబుతోంది ఆవిడ.

తోట సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట గిరిధర్ రైతుల బస్సులో మహారాష్ట్ర వెళ్ళి నాసిక్ లోయ చూసొచ్చాడు. అక్కడి ద్రాక్షతో వైను కూడా తీస్తారట. తడి గోనెలో చుట్టిన కొమ్మలతో బస్సు దిగి, దివిసీమలో మొదటి ద్రాక్షతోట మనదేనన్నాడు. ఆ రోజే చెప్పింది విజయకుమారి.

"అది లోయండీ. ఏటవాలు నేల, వాన పడితే నీళ్ళు జారిపోతాయి. పగలు ఎండ కాసినా రాత్రికి కొండగాలి దిగి చల్లబడుతుంది. ఆ చలికే కాయ రుచి తేలుతుంది. మనది నల్లమట్టి, నాలుగడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు. రాత్రి కూడా సముద్రం మీంచి తడిగాలే."

మామగారు పిచ్చేశ్వరరావు అరుగు మీంచే నవ్వారు. "అమ్మాయ్, నువ్వు నల్లబల్ల మీద పండించావు. మేం నేల మీద పండించిన వాళ్ళం."

అక్కడితో పోతే బాగుండేది. తీగ పందిరెక్కగానే అవనిగడ్డ నుంచీ చల్లపల్లి నుంచీ రైతులు చూడటానికి వచ్చేవాళ్ళు. "లోయలో ఏమవుతుందంటేనండీ..." అని గిరిధర్ మొదలుపెట్టేవాడు. ఏటవాలు నేల, కొండగాలి, రాత్రి చలి, అన్నీ ఆవిడ మాటలే. మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి తన పాఠం తనే వినేది. ఒళ్ళు మండిపోయేది. చివర్లో మాత్రం, "మనదీ లోయలాంటిదే, కృష్ణ పక్కనేగా!" అని కలిపేవాడు. ఆ ముక్క ఒక్కటే ఆయన సొంతం.

బోరు నీళ్ళకి ఆకు అంచులు మాడాయి. అప్పట్నుంచి వీధి పంపు దగ్గర మంచినీళ్ళు పట్టి తీగలకి మోసే పని విజయకుమారిది. వంట ముగించి, బిందెలు మోసి, తడిసిన చీర మార్చుకుని ఎనిమిదింటి బస్సెక్కేది. పదో తరగతి పేపర్లు దిద్దకుండా కట్టలుగా ఉండిపోయేవి. లోయలో అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తారని గిరిధర్ ఇక్కడా కత్తిరించాడు. మనకి అక్టోబరంటే తుపాన్ల కాలమని ఎంత చెప్పినా వినలేదు. పదిరోజుల ముసురుకి పూత కుళ్ళి రాలిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నేరం ముసురుది కాకుండా ఆవిడ ఉద్యోగానిదయింది.

"ఇంటి ఆడమనిషి చెయ్యి తగలందే మొక్క నిలవదమ్మా" అన్నారు మామగారు.

సోమవారం పొద్దున టిఫిను బల్ల మీద ఒక కాగితం ఉంది. గిరిధర్ దస్తూరీ.

"ప్రధానోపాధ్యాయుల వారికి, కుటుంబ కారణాల వల్ల నా ఉపాధ్యాయ ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను. ఇట్లు, విజయకుమారి."

ఆవిడకి వదిలింది సంతకం చోటు ఒక్కటే. ఇన్నాళ్ళూ తన మాటలు ఆయన చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన మాటలు తన చేత చెప్పిస్తున్నాడు. రేపు ఎవరైనా అడిగితే, తనే ఇష్టపడి మానేసిందనీ చెబుతాడు.

"పెట్టావా సంతకం? బస్సు టైమవుతోంది" అన్నాడు గిరిధర్ పేపరు చాటునుంచి.

"పెడుతున్నానండీ."

సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, పిల్లల పేపరు దిద్దినట్టే దిద్దింది. కొట్టేయాల్సినవి కొట్టేసి పైన రాసింది. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి ఆయన ముందు ఉంచింది.

"గిరిధర్ గారికి, నేల, నీరు, గాలి కారణాల వల్ల నా ద్రాక్షతోట పనికి రాజీనామా చేయుచున్నాను."

ఆయన తలెత్తేసరికి ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"మరి నీళ్ళో?" అన్నాడు.

"పంపు ఎనిమిదిన్నరకి కట్టేస్తారండీ. బిందెలు గట్టు మీదున్నాయి" అని చెప్పి విజయకుమారి బస్సుకి నడిచింది.