మన మనిషి బోర్డులో ఉంది

రాగిణి కౌంటీ బోర్డుకి నెగ్గినప్పుడు ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు చేసిన హడావిడి చూస్తే ఆవిడ గవర్నరే అయిపోయిందనుకోవాలి. శాలువా కప్పారు, బొకేలిచ్చారు, పక్కన నిలబడి ఫొటోలు దిగి చుట్టాలందరికీ పంపుకున్నారు. మర్నాటి నుంచీ ఫోన్లు మొదలు. ఒకాయన స్పీడింగ్ టికెట్ మాఫీ చేయించమన్నాడు. ఇంకొకాయన బావమరిది వీసా సంగతి కొంచెం చూడమన్నాడు. వీసాలతో మాకు సంబంధం లేదండీ, కౌంటీ బోర్డు చూసేది రోడ్లు, జైలు, హెల్త్ డిపార్ట్‌మెంటు, పెద్దవాళ్ళకీ లేనివాళ్ళకీ చేసే సాయం, వాటికయ్యే ఖర్చు, అంతే అని పాపం ఆవిడ ఓపిగ్గా చెప్పేది. విన్నవాళ్ళు తల ఊపి, "అదేలెండి, మీరొక మాట వేస్తే చాలు" అనేవారు.

అది మిషిగన్‌లో ఓ చిన్న కౌంటీ. వంకాయలు కావాలన్నా వారానికోసారి ట్రాయ్ దాకా డ్రైవ్ చేసి తెచ్చుకోవాల్సిందే. కమిషనర్లని పిలిచే తొమ్మిదిమంది మెంబర్లున్న ఆ బోర్డులో నల్లజుట్టు రాగిణి ఒక్కదానిదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు మీటింగులకి వెళ్ళేది. కౌంటీ డబ్బు తీసుకునే ప్రతి సంస్థా ఏటా బోర్డుకి రిపోర్టు ఇవ్వాలి. ఎంతమందిని చూసుకున్నారు, ఎవరైనా పడి దెబ్బలు తగిలించుకున్నారా, ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందా అని. ఆ రిపోర్టులు మొదటి పేజీ దాటి చదివేది తనొక్కతేనని రాగిణికి కొంచెం గర్వం కూడా ఉండేది.

అలా చదివినవాటిలో ఆవిడకి బాగా నచ్చింది మేపుల్ హౌస్. మతిమరుపు వచ్చినవాళ్ళనీ, ఒంట్లో సత్తువ తగ్గినవాళ్ళనీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకునే చోటు అది. ఖర్చులో సగానికి పైగా కౌంటీదే. అన్నీ బాగున్నాయిగానీ, అక్కడ ఒక్క తెలుగు మొహం లేదు.

ఎందుకుంటుంది? అమ్మనో అత్తనో డే కేర్‌లో దింపి వస్తే నలుగురూ ఏమంటారు? ఆ నలుగురూ ఎవరో ఎప్పుడూ తేలదు. ఒక్కరోజు వచ్చి పెద్దావిడకి అన్నం తినిపించిన పాపాన పోరు. అయినా వాళ్ళకి జడిసే జనం ఇళ్ళలో నలిగిపోతుంటారు.

అలా నలిగిపోతున్నవాళ్ళలో జగన్మోహన్ ఒకాయన. కార్ల సీట్లు తయారుచేసే ప్లాంటులో ఇంజినీరు. ఆయన భార్య ఉషకి అరవై నిండలేదు, అప్పుడే మతిమరుపు జబ్బు. మనుషుల్ని మరిచిపోవడం ఒక్కటే అయితే ఆయన ఎలాగో నెట్టుకొచ్చేవాడు. ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది. ఓ చలికాలం పొద్దున ఇంట్లో వేసుకునే చెప్పులతో హైవే మీదికి ఎక్కే రాంప్ దగ్గర నిలబడి ఉంటే పోలీసులు తీసుకొచ్చి దింపారు. అదయ్యాక ఆయన ఇంటినుంచే పనిచేసుకుంటానని బతిమాలుకున్నాడు. కంపెనీ కొన్నాళ్ళు సరేనంది, తరవాత ప్లాంటుకి రోజూ రావాల్సిందేనంది.

"మేపుల్ హౌస్‌లో చేర్చండి అన్నయ్య గారూ," అంది రాగిణి.

"కట్టుకున్నదాన్ని తీసుకెళ్ళి డే కేర్‌లో పడేశాడంటారమ్మా. నేను తలెత్తుకోలేను."

రాగిణి చెప్పి చూసింది, విసుక్కుంది, చివరికి పంతం పట్టింది. "సరే, ముందు మా అత్తయ్యని చేరుస్తాను. కమిషనర్ అత్తగారే వెళ్తుంటే ఇంక మిమ్మల్ని ఎవరేమంటారో చూద్దాం."

రాగిణి అత్తగారు లక్ష్మీకాంతమ్మ. చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గాక వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఇంట్లో కొడుకు రఘు ఉంటాడు, వారంలో చాలా రోజులు అతనికి ఇల్లే ఆఫీసు. ఆవిడకి మేపుల్ హౌస్ అవసరమేమీ లేదు. కోడలు విషయం చెబితే పకపకా నవ్వింది.

"నన్ను ఎర వేస్తున్నావన్నమాట! వెళ్తానే తల్లీ. వాళ్ళ ఓట్‌మీల్ మాత్రం తినను."

లక్ష్మీకాంతమ్మ వెళ్ళింది. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. తరవాతి వారం ఉష వచ్చింది. ఆ పైన ఇంకో నాలుగు కుటుంబాలు తమ పెద్దవాళ్ళని తెచ్చి చేర్చాయి. తెల్లవాళ్ళ పేకాటలో లక్ష్మీకాంతమ్మ చెయ్యి తిరిగిపోయింది. ఉష కోసం అక్కడివాళ్ళు ఉతికిన తువ్వాళ్ళు ఓ బుట్టనిండా తెచ్చి పెట్టేవారు. ఆవిడ ఒక్కొక్కటే మడతపెట్టి, దొంతరలు పేర్చి, అయిపోగానే "ఇంకా ఉన్నాయా?" అని అడిగేది. ఆ పని ఉన్నంతసేపూ తలుపు వైపు చూసేది కాదు. జగన్మోహన్ మళ్ళీ ప్లాంటుకి వెళ్తున్నాడు, మొహాన కాస్త కళ కనబడుతోంది. రాగిణికి ఆ సంవత్సరం చేసిన పనులన్నిటిలోకీ ఇదే గొప్పగా అనిపించింది. అనిపించదూ మరి!

అప్పుడొచ్చి పడింది బడ్జెట్. స్టేట్ నుంచి రావాల్సిన డబ్బుకి కోత పడింది. కౌంటీ ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. రోడ్ల జోలికి వెళ్తే జనం ఊరుకోరు, జైలు జోలికి వెళ్తే షెరీఫ్ ఊరుకోడు. ఫైనాన్స్ కమిటీ తిరిగి తిరిగి మేపుల్ హౌస్ కాంట్రాక్టు దగ్గర ఆగింది. నెలాఖరుకి ఆపేద్దామని సిఫార్సు చేసింది, ఆ డబ్బు ఆగితే సెంటర్‌కి మూతే. దాన్ని నిలబెట్టాలని ఒకాయన తీర్మానం తెచ్చాడు. నలుగురు ఇటు, నలుగురు అటు. తొమ్మిదో మనిషి రాగిణి.

ఇంకేం, గట్టెక్కామనుకుంది ఆవిడ. ఆ సంతోషం కౌంటీ లాయర్ మార్గరెట్ తన గదికి పిలిచేదాకానే.

మార్గరెట్ కటువైన మనిషి కాదు. కుర్చీ చూపించి, టీ ఇచ్చి, మెల్లగా చెప్పింది. "రాగిణీ, మీ ఇంట్లో మనిషి ఆ సెంటర్‌కి వెళ్తోంది. నువ్వు ఓటు వెయ్యకూడదు. చర్చలో ఉండకూడదు. అజెండాలో ఆ ఐటమ్ వచ్చినప్పుడు గదిలోనే ఉండకూడదు."

"మేం ఫుల్ ఫీజు కడుతున్నాం మార్గరెట్."

"ఫుల్ ఫీజు కట్టినా ఖర్చులో సగం రాదు. మిగతాది కౌంటీయే పెడుతోంది. నీకు తెలుసు, ఆ రిపోర్టు చదివింది నువ్వే."

"రేపటి నుంచి మాన్పించేస్తాను. ఆవిడకి అసలు అవసరమే లేదు."

"ఈ బడ్జెట్ సంవత్సరంలో ఒక్కరోజు వెళ్ళినా లెక్కే. పైగా ఇప్పుడు మాన్పిస్తే ఓటు కోసమే మాన్పించావంటారు. నువ్వు నెగ్గించినా ఎవరో ఒకరు కోర్టుకెళ్ళి కొట్టేయిస్తారు. మిగతా మెంబర్లతో దీని గురించి మాట్లాడకు. ఎవరినీ వచ్చి ఫలానా విధంగా మాట్లాడమని చెప్పకు. మీటింగ్ ఎప్పుడో, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చని చెప్పు, అది పబ్లిక్ నోటీసులో ఉన్నదే."

వెనకటికి ఓ మెంబరు ఆంబులెన్సుల కాంట్రాక్టు సొంత అల్లుడికి ఇప్పించుకున్నాక పెట్టిన రూలది. ప్రమాణం చేసిన రోజున రాగిణి దాన్ని చదివి, మంచి రూలే అనుకుని సంతకం పెట్టింది. ఇప్పటికీ మంచి రూలే. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆవిడ పార్కింగ్‌లో కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చింది. సెంటర్ అవసరం లేని అత్తగారిని సాటివాళ్ళ మొహమాటం పోగొట్టడానికి పంపకపోయి ఉంటే, ఇవాళ ఆ ఓటు చేతిలో ఉండేది.

అటు నలుగురిలో డేల్ అనే ముసలి రైతున్నాడు. మొండివాడు కాదు, ఎదురుగా కూర్చుని ఓ గంట చెబితే వింటాడు. అయితే ఆ చెప్పేది రాగిణి కాకూడదు. కాఫీ మెషీన్ దగ్గర ఆయన "హౌ ఆర్ యూ?" అంటే ఆవిడ వాతావరణం గురించి మాట్లాడి వచ్చేసింది. పోనీ నేను మైకు ముందుకెళ్ళి అడగనా అంది లక్ష్మీకాంతమ్మ. కమిషనర్ తన అత్తగారి చేత అడిగించిందని మర్నాడే పేపర్లో వస్తుందమ్మా, ఉన్న నాలుగు ఓట్లూ పోతాయి అన్నాడు రఘు. ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రాగిణి జగన్మోహన్‌కి ఫోన్ చేసింది. "అన్నయ్య గారూ, మేపుల్ హౌస్ విషయం మంగళవారం సాయంత్రం మీటింగ్‌లో వస్తోంది. నేను ఓటు వెయ్యడానికి వీల్లేదు. ఆ టైముకి గదిలో కూడా ఉండను. జనంలో ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మనిషికి మూడు నిమిషాలిస్తారు."

 అటునుంచి చిన్న నవ్వు వినబడింది.

"అర్థమైందమ్మా. ఫోన్‌లో ఇలాగే చెప్పాలి."

"అది కాదండీ. నేను నిజంగానే వెయ్యకూడదు."

"అలాగే, నిజంగానే. నేనెవరితోనూ అనను. మీరు నిశ్చింతగా ఉండండి."

"అన్నయ్య గారూ, దయచేసి వినండి. రూల్ ఉంది. నేనింతకన్నా చెప్పకూడదు."

"ఇంతకన్నా చెప్పొద్దమ్మా, నాకు తెలీదా?" అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా, ఆవిణ్ణే కాపాడుతున్నట్టు.

ఎవరితోనూ అనననే మాట మీద ఆయన ఒక్కపూటైనా నిలబడలేదు. మిగతా నాలుగు కుటుంబాలకీ చెప్పేశాడు. శనివారం ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీకి వెళ్ళొచ్చి రఘు అన్నాడు: "నువ్వు బయటికి అలా చెబుతున్నావట, లోపల అంతా సెట్ చేసేశావట. అలాంటిదేం లేదు, మీరంతా వెళ్ళి మాట్లాడండి అన్నాను. నేను కూడా బాగా నటిస్తున్నానని మెచ్చుకున్నారు." రాగిణి తల పట్టుకుంది. అబద్ధమాడితే నమ్మేవాళ్ళని చూసిందిగానీ, నిజం చెప్పి ఇలా చచ్చిపోతున్నది తనొక్కతేనేమో అనిపించింది.

మంగళవారం అందరూ వచ్చారు. ఏదో ఫంక్షన్‌కి వచ్చినట్టు ఇస్త్రీ బట్టలతో వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో స్వీట్ల డబ్బా కూడా ఉంది. ఉషని ఇంట్లో వదిలేసే వీలు లేక జగన్మోహన్ వెంట తీసుకొచ్చాడు.

ఐటమ్ పేరు చదవగానే రాగిణి లేచి, తన ఇంటి మనిషి ఆ సెంటర్‌కి వెళ్తోందని, అందుకని తప్పుకుంటున్నానని మైకులో చెప్పి బయటికి నడిచింది. తలుపు మూసుకుంది. కారిడార్ గోడకి ఓ టీవీ ఉంది, లోపల జరిగేది అందులో కనబడుతుంది. దాని ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది.

ఛైర్మన్ జనాన్ని మాట్లాడమన్నాడు. ఓ రిటైరైన బస్సు డ్రైవర్ వచ్చి తన తమ్ముడి గురించి రెండు ముక్కలు చెప్పాడు. ఓ నర్సు మాట్లాడింది. డేల్ కళ్ళజోడు తీసి శ్రద్ధగా విన్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అని ఛైర్మన్ అడిగాడు. చివరి వరస కదలలేదు.

"లేవండి," అంది రాగిణి టీవీతో. "ఒక్కరు లేవండి. హైవే సంగతి చెప్పండి చాలు. అన్నయ్య గారూ, లేవండి."

జగన్మోహన్ రాగిణి ఖాళీ కుర్చీ వైపు చూశాడు, పక్కవాళ్ళకి కళ్ళతోనే భరోసా ఇచ్చాడు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఛైర్మన్ మరోసారి అడిగి, ఎవరూ లేకపోతే ముగిస్తున్నాం అన్నాడు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. దానికి తాళం కూడా లేదు. రాగిణికి లేచి వెళ్ళి తోసేయాలనిపించింది, అరవాలనిపించింది. ఆవిడ అడుగు పెడితే ఓటింగే చెల్లదు. కూర్చునే ఉంది.

ఒక్కొక్కరి పేరే పిలిచారు. డేల్ పేరు వచ్చినప్పుడు ఆయన కొంచెంసేపు ఆగాడు. ఆగి, "నో" అన్నాడు. నాలుగూ నాలుగూ. సమానంగా వస్తే తీర్మానం వీగిపోయినట్టే.

క్లర్కు తలుపు తీసి, రావచ్చని మర్యాదగా చెప్పింది. తరవాతి ఐటమ్ రోడ్డు పక్క గడ్డి కోసే కాంట్రాక్టు. రాగిణి కుర్చీలో కూర్చుని, తన పేరు పిలిచినప్పుడు "ఎస్" అంది. అది తొమ్మిదీ సున్నాతో నెగ్గింది.

మీటింగ్ అయ్యాక వాళ్ళు కారిడార్‌లో నిలబడి ఉన్నారు. కోపంగా ఉన్నా బాగుండేది. ఎవరూ కోపంగా లేరు. స్వీట్ల డబ్బా ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చున్నీ కప్పేసింది. జగన్మోహన్ ముందుకొచ్చాడు.

"మీ పేరు పిలిచేసరికి వస్తారనే చూశానమ్మా. చివరిదాకా చూశాను."

"చెప్పాను కదా అన్నయ్య గారూ. చెప్పాను."

"చెప్పారు," అన్నాడాయన. "మళ్ళీ ఓటింగ్ పెట్టరా? ఈసారి మీరు లోపల ఉన్నప్పుడు?"

"ఎప్పుడు పెట్టినా నేను బయటే ఉండాలండీ."

ఆయన తల ఊపాడు. ఉష ఆయన పక్కనుంచి కదిలి, వీధి తలుపు వైపు నడవబోయింది. ఆయన చూడకుండానే చెయ్యి చాచి ఆవిడ స్వెటర్ అంచు పట్టుకున్నాడు. ఆవిడ ఆగి, పట్టుకున్న చేతిని పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసింది.

"ప్లాంటుకి సెలవు పెట్టడానికి లేదమ్మా. ఉద్యోగం పోతే తన ఇన్సూరెన్సూ పోతుంది," అన్నాడు. కొంచెం దగ్గరికి జరిగి, మిగతావాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించాడు. "గది తలుపుకి బయటినుంచి వేసే లాక్ ఉంటుంది చూడండి, లోపలినుంచి తియ్యడానికి రానిది. అలాంటిది మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుందా, ఆర్డర్ చెయ్యాలా?"

అలా ఓ మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యకూడదని రాగిణికి తెలుసు. నిప్పంటుకుంటే ఏమవుతుందో తెలుసు. అలాంటి ఇళ్ళ గురించి కౌంటీకి ఎవరు ఫోన్ చెయ్యాలో, ఎవరు వచ్చి చూస్తారో, అన్నీ ఆవిడ చదివింది. ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఈ ఒక్క సాయమైనా చేస్తుందన్న నమ్మకంతో నిలబడ్డాడు.

"దొరుకుతుంది అన్నయ్య గారూ," అంది రాగిణి. "మామూలు షాపులోనే దొరుకుతుంది."