ఏడు చూపుల మిడత

మిడతను చూడని రైతు ఉండడంటారు. నేను ఒప్పుకోను. చూడడం వేరు, తరమడం వేరు. కర్నూలులో పంటల పురుగుల ఆఫీసులో పదకొండేళ్లు కూర్చుని, ఒక్కో పురుగుకు మూడేసి రోజులు కళ్లప్పగించి, సన్న కుంచెతో బొమ్మలు గీసినవాణ్ణి నేను. రైతులకు పురుగులను గుర్తుపట్టడం నేర్పడానికి సర్కారు వేసే చిన్న పుస్తకాల్లో ఆ బొమ్మలే అచ్చయ్యేవి. ఊళ్లో గాబ్రియేలు అంటే ఏ గాబ్రియేలు అని అడిగేవారు. పురుగుల గాబ్రియేలు అంటే మాత్రం ఇంటిదాకా వచ్చి దిగబెట్టేవారు. నాకు ఆ పేరంటే గర్వం.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది జూన్‌లో, కోస్తా నుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. నా బొమ్మల కట్ట తిరగేసి, "బాగానే గీశావు. కానీ చేత్తో గీసిన దాన్ని ఎవరు నమ్ముతారయ్యా? ఫోటో అయితే అబద్ధం చెప్పదు" అన్నాడు. జొన్న చేలను తినేసే రెక్కల్లేని మిడత ఉంది. దాని పిల్ల వేలిగోరంత ఉంటుంది. మీసం కొన నుంచి వెనక కాలి గోరు దాకా ఆ పిల్ల తేటగా కనపడేలా ఒక్క ఫోటో తెమ్మని, బురుజు దగ్గర స్టూడియో పెట్టుకున్న ఖాజా మొహిద్దీన్‌కు చెప్పాడు. అది కుదిరితే కొత్త పుస్తకంలోని ముప్పై పురుగులూ ఫోటోలే. మరి నేనో అని అడిగితే, "నీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. సర్కారు కొలువులో ఆ మాటకు అర్థం తెలియనివాడు ఉండడు.

ఖాజా దొంగ కాదు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు.

"అన్నా, ఈ పని నేను చేస్తే నీ పని పోతాదని నాకు తెలుసు. నేను కాదంటే మద్రాసు నుంచి ఇంకొకడు వస్తాడు. స్టూడియోకు మనిషన్నవాడు వచ్చి నెల దాటింది. నువ్వు తిట్టుకోవద్దు" అన్నాడు.

"నిన్ను తిట్టి నేనేం చేసేది లేప్పా. చెయ్యి పో" అన్నాను. నిజం చెప్పాలంటే నాకేం బెంగ లేదు. వాడి వల్ల కాదని నాకు తెలుసు.

నాలుగో రోజు ఫోటోలు పడిన గాజు ప్లేట్లు పట్టుకుని మళ్లీ వచ్చాడు. ముఖం వేలాడిపోయి ఉంది. కెమెరా పురుగు దగ్గరికి పోయేకొద్దీ తేటగా పడే మేర పలచబడిపోతుంది. మనిషిని తీస్తే ముక్కూ చెవులూ వెనక గోడా అన్నీ పడతాయి. గోరంత మిడతను అరచేయంత చేసి తీస్తే, కన్ను తేటగా పడినప్పుడు మీసమూ పడదు, వీపూ పడదు. కటకంలో వెలుతురు దూరే కన్నాన్ని చిన్నది చేస్తే ఆ మేర కొంచెం పెరుగుతుంది. అప్పుడు వెలుతురు చాలదు. నాలుగేసి నిమిషాలు తెరిచి ఉంచాలి, ఈలోగా వీధిలో బండి పోతే బల్ల అదురుతుంది. ఆ కన్నాన్నే మరీ చిన్నది చేస్తే మిడత మొత్తం మలమల గుడ్డ చాటు నుంచి చూసినట్టు మెత్తబడిపోతుంది. ఇవన్నీ ఖాజా చేసి చూసినవే.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే నా బతుకు నాకు ఉండేది. కానీ ఆ ప్లేటును వెలుతురుకు పెట్టి చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. అంత చక్కటి జీవిని అంత పాడు చేస్తారా?

"ఇదేం మిడతప్పా! తల కర్నూల్లో ఉండాది, కాళ్లు నంద్యాల మబ్బుల్లో ఉండాయి. ఒక్క చూపులో పురుగంతా కనపడతాదని నీకెవురు చెప్పినారు? ఇట్ల రా" అని లోపలికి లాక్కుపోయాను. మర తిప్పితే పైకీ కిందికీ కదిలే ఇత్తడి భూతద్దం కింద మిడత పిల్లను పెట్టాను. "చూడు. ఇప్పుడు మీసం కొన ఒక్కటే కనపడతాంది. అంతవరకే గీస్తా. మర తిప్పు. ఇప్పుడు కన్ను. మళ్లీ తిప్పు, మెడ. ఇట్ల ఏడు చూపులు చూస్తే ఒక మిడత. నా బొమ్మలో ఉండేది ఒక చూపు కాదు, ఏడు చూపులు!"

ఖాజా భూతద్దం మీద నుంచి తల ఎత్తలేదు. మర తానే ఏడుసార్లు తిప్పి చూసి, "అట్లయితే ఏడు ప్లేట్లు తీస్తానన్నా" అన్నాడు.

పొయ్యి దగ్గరున్న నా భార్య ఎస్తేరమ్మ చెయ్యి ఆగిపోయింది. వాడు వెళ్లిపోయాక, "నీ నోరే మన కొంప ముంచింది" అంది.

ప్లేట్లు తీయడం వాడికి చేతనైంది. ఒక్కోదానిలో ఒక్కో వరస తేటగా పడింది. కానీ ప్రతి ప్లేటు మీదా తేటగా ఉన్న మేర వదిలి మిగతాదంతా రంగుతో కప్పెయ్యాలి. తర్వాత ఏడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఒకే కాగితం మీద, వెంట్రుక వాసి తేడా లేకుండా అచ్చువెయ్యాలి. ఖాజా చెయ్యి అంత సన్నటి పనికి పుట్టిన చెయ్యి కాదు. రెండు ప్లేట్లు చెడగొట్టుకుని వచ్చి మా గడపలో నిలబడ్డాడు. అడగలేదు. నేనే చొక్కా వేసుకున్నాను.

ఎందుకు పోయావని ఎస్తేరమ్మ ఇప్పటికీ అడుగుతుంది. జాలి అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, జాలి కాదు. ఆ ఏడూ కలిస్తే ఎలా ఉంటుందో చూడకుండా ఉండలేకపోయాను.

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు సెలవు పెట్టి, స్టూడియో వెనక గదిలో నాలుగు రోజులు పనిచేశాను. ఎండకు కుండలో నీళ్లు కూడా కాగినట్టుండేవి. ఆ నీళ్లలో కడిగితే ఒక ప్లేటు మీది పూత మీగడలా జారిపోయింది, మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పటికి చచ్చిన మిడత ఎండి వెనక కాలు ముడుచుకుంది. ఆ మోకాలు ఏ ప్లేటులోనూ సరిగా కలవలేదు. కాగితం మీద ఆ మోకాలిని నేనే కుంచెతో వేశాను, పదకొండేళ్ల జ్ఞాపకం మీద. మెడ దగ్గర అతుకునూ నేనే కలిపాను. ఆ కాగితాన్ని ఖాజా మళ్లీ ఫోటో తీసి ఒకే ప్లేటు చేశాడు. అతుకులన్నీ అందులో కలిసిపోయాయి.

దాని అచ్చు తీసి వెలుతురులో పెట్టి చూశాం. మీసం మీది కణుపులు లెక్కపెట్టొచ్చు. వెనక కాలి ముళ్లు లెక్కపెట్టొచ్చు. ఏ కెమెరా, ఏ కన్నూ ఒక్కసారిగా చూడలేని మిడత అది. నా జన్మలో నేను చేసిన అన్నిట్లోకీ అదే గొప్ప పని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

సోమవారం ఆఫీసరు నన్ను పిలిచాడు. ఆ ఫోటో బల్ల మీద ఉంది. ఖాజా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నీ కన్ను గట్టిది. చూసి చెప్పు, ఎక్కడైనా చేత్తో దిద్దిన చోటుందా? ఉంటే ఇది ఫోటో కాదు. చింపి పారేస్తాను, పుస్తకానికి ఎప్పటిలాగే నీ బొమ్మలే వేయిస్తాను."

ఫోటో చేతిలోకి తీసుకున్నాను. మోకాలు నన్నే చూస్తోంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే చాలు, నా కుర్చీ నాది. ఖాజా స్టూడియో మూతపడుతుంది. వాడు నా వైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. చూపించమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆఫీసరు చెయ్యి బల్ల మీద సిద్ధంగా ఉంది, చింపడానికి.

"లేదు సార్. ఇందులో చేతి గీత ఒక్కటీ లేదు" అన్నాను.

"అనుకున్నాను" అని నవ్వాడు. "మనిషి చెయ్యి ఇంత పని చెయ్యలేదులే." ఫోటో అడుగున అచ్చువేయాల్సిన మాటను అక్కడికక్కడే రాసుకున్నాడు, చెయ్యి తగలని నిజరూపమని. నెలాఖరు దాకా రమ్మని, ఆ తర్వాత అక్కర్లేదని నాకు చెప్పాడు.

బయటికి వచ్చాక ఖాజా నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కోసం నీ కూడు పోగొట్టుకున్నావు కదన్నా."

"నీ కోసం కాదులేప్పా" అన్నాను. వాడు నమ్మలేదు. అది మంచితనం కాదని, నా బొమ్మ చిరిగిపోతుంటే చూడలేకపోయానని వాడికెలా చెప్పేది?

కాసేపు నడిచాక, "ఇంకా ఇరవై తొమ్మిది పురుగులు ఉండాయన్నా. నువ్వు లేకపోతే ఒక్కటి కూడా నాతో కాదు. వచ్చే దాంట్లో సగం నీకే. కాకపోతే నువ్వు వచ్చేది ఎవురికీ తెలియకూడదు" అన్నాడు.

నెల తిరిగింది. ఆఫీసుకు సెలవు చెప్పిన మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని, సన్న కుంచెను గుడ్డలో చుట్టుకుని చంకలో పెట్టుకున్నాను. ఎస్తేరమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ తలెత్తింది.

"యాడికి పోతాండావు?"

"పనికి."

"ఏం పని? ఎవురన్నా అడిగితే ఏమని చెప్పల్ల?"

పురుగుల గాబ్రియేలు పనికి పోయినాడని పదకొండేళ్లుగా చెప్పేది ఆమె. కుంచె చుట్టను చంకలోంచి తీసి చొక్కా కిందికి దోపుకున్నాను.

"ఊరికే అట్ల పోయినాడని చెప్పు" అన్నాను.