పరకాయం గారి భార్య పోయిన సంగతి

స్టూడియోలో అందరూ ఆయన్ని పరకాయం గారనేవారు. సొంత పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు మరి. ఆ నెల ఏ వేషం కడుతున్నాడో ఆ మనిషిగానే లేచి, ఆ మనిషిగానే పడుకునేవాడు. ఆయన నటనంటే ఊరంతా చెవి కోసుకునేది కానీ, ఇంట్లో ఆయన భార్య పడ్డ పాట్లు ఏ పత్రికవాడూ రాయలేదు. గుడ్డివాడి వేషానికి కప్పులన్నీ పగలగొట్టాడు. పిసినారి వేషానికి చక్కెర డబ్బాకి తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకు తిరిగాడు. జడ్జి వేషమప్పుడైతే కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ చేత వాంగ్మూలం ఇప్పించి, తీర్పు వాయిదా వేశాడు. ఆవిడ తల బాదుకుని నవ్వేది. ఒక్క మొగుడితో ఇంతమందికి వండిపెట్టానని కూతురికి ఫోన్లో చెప్పుకునేది. అంతమందిలో ఒక్కడూ ఆవిడతో నాలుగు మంచి మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. వేషం దిగాక మిగిలే అసలు మనిషి మరీ మూగమొద్దు.

ఈసారి వేషం, భార్య పోయిన ముసలాయనది.

ఒకరోజు పొద్దున్నే ఆయన వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ అందిస్తున్న కాఫీ కప్పు చూడనట్టే పక్కనుంచి వెళ్లి, తనే పాలు పెట్టుకుని, పొంగబెట్టుకున్నాడు. తను పోయిందని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

మొదట ఒళ్లు మండిపోయింది. కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమంది కానీ, ఆవిడకి కాలు కదల్లేదు. నెమ్మదిగా అలవాటు పడింది. అడుగుల చప్పుడు కాకుండా నడవడం, తలుపు గాలికి తెరుచుకున్నట్టు తీయడం వచ్చేశాయి. మధ్యాహ్నం ఎండ కిటికీ తెరలోంచి గదిలోకి పల్చగా దిగేది. ఆ వెలుతురులో తన చేతులు చూసుకుంటే, నిజంగా ఉన్నానా అని ఆవిడకే అనుమానం వచ్చేది. ఓసారి ఆయన బీరువా తెరిచి ఆవిడ స్వెట్టర్‌లో మొహం దాచుకున్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి, కిటికీ దగ్గరున్న ఆవిడ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. అందులో ఆవిడ ఉంది. ఆయన లెక్క ప్రకారం లేదు.

"నువ్వు కుట్టుమిషను తొక్కుతుంటే పక్కగదిలో వింటూ పడుకునేవాణ్ణి," అన్నాడు కుర్చీతో. "అది ఆగితే చాలు, మెలకువ వచ్చేసేది."

ఆవిడ ఊపిరి బిగబట్టింది. వేషంలోకి దిగేముందు ఆయన డైలాగులన్నీ ఆవిడ దగ్గరే వల్లెవేస్తాడు కనక, ఈ సినిమా కూడా ఆవిడకి కంఠతా వచ్చు. అందులో కుట్టుమిషను లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ పనులన్నీ పెందలాడే ముగించుకుని, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చునేది. ఆయన వచ్చి మాట్లాడేవాడు. బతికుండగా దొరకని మొగుడు పోయాక దొరికాడు. షూటింగు ఎప్పటికీ అయిపోకూడదని కోరుకుంది. ఒక్క సీనే మిగిలింది. ముసలాయన తన భార్య బీరువా ఖాళీ చేస్తూ కుప్పకూలి ఏడవాలి. సినిమా అంతా దాని మీదే నిలబడి ఉందని దర్శకుడు అందరికీ చెబుతున్నాడు.

దానికి ముందురోజు ఆయన మళ్లీ కుర్చీ ఎదుటికి వచ్చాడు. పాట నేర్చుకోవాలని ఆవిడకి ఎంతో ఉండేదనీ, తన షూటింగుల కోసం మానేస్తే, బాధపడ్డావా అని ఒక్కసారైనా అడగలేదనీ అన్నాడు. ఆవిడ నోరు జారింది.

"పోనీలెండి. అదంతా ఎప్పటి మాట."

ఆయన తలెత్తాడు. ఇన్నాళ్లకి ఆయన చూపు ఆవిడ మీద ఆగింది. కోపం లేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"నువ్వున్నావు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దర్శకుడు ఫోన్ చేసి ఆవిడతో మొరపెట్టుకున్నాడు. ఆయనకి ఒక్క చుక్క కన్నీరు రావడం లేదట. బట్టలు బయటికి తీస్తున్నాడట, చక్కగా మడతపెట్టి మళ్లీ లోపల పెట్టేస్తున్నాడట. చివరికి మొహం కనపడకుండా వెనకనుంచి షాటు తీసి సరిపెట్టారట. సినిమా ప్రాణం పోయిందన్నాడు దర్శకుడు. జీవితమంతా ఆయన ఎదురుచూసిన వేషం తన నోటివల్ల మట్టికొట్టుకుపోయిందని ఆవిడ కుమిలిపోయింది.

సందెవేళ ఆయన ఇంటికొచ్చాడు. ఆవిడ ఎదురెళ్లి, తప్పంతా తనదేనంది.

"ఏడుద్దామంటే రాలేదే," అన్నాడాయన. "ఇంటికెళ్తే నువ్వుంటావని తెలిసిపోయిందిగా."

ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, నిన్న ఆపేసిన మాటలు చెప్పమంది. ఆయన భుజాలు వంచాడు. ముసలాయన గొంతు తీయగా, తడిగా పైకొచ్చింది.

"ఆయన కాదు," అంది ఆవిడ. "మీరు చెప్పండి."

ఆయన నిటారుగా కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"నాకు... అదే... నువ్వు లేకపోతే నాకు..." అని దగ్గాడు. మళ్లీ మొదటికొచ్చాడు. "నాకు చేతకాదు." అది కూడా సగం మింగేశాడు.

ఏ దర్శకుడైనా ఆ టేకు పారేసేవాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఇంకోసారి చెప్పమంది.