మా ఇంటి బడి చూడ్డానికొచ్చారు

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం ఎలాగని నన్నడిగితే గుక్క తిప్పుకోకుండా గంటసేపు చెబుతాను. అడగకపోయినా చెబుతాను, అది వేరే సంగతి. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నీ నోటికి కూడా ఒక స్టాప్ బటను పెట్టించాల్సింది" అంటారు. ఆయన మాటకేం గాని, మధ్యాహ్నం దాటితే నా ఫోను మోగుతూనే ఉంటుంది. "అక్కా, మావాడు పుస్తకం ముట్టుకోవట్లేదు", "అక్కా, మా అత్తగారు ఒప్పుకోవట్లేదు", "అక్కా, ఇంక వంటెప్పుడు, చదువెప్పుడు?" అందరికీ ఓపిగ్గా జవాబు చెబుతాను. బడిని పట్టుకొచ్చి ఇంట్లో పెట్టకండి, గంటలు కొట్టకండి. తిన్న బల్ల తుడిచి అదే బల్ల మీద పుస్తకం తెరవండి. ఇంటి పనుల్నే పాఠాలు చేయండి. కొలిస్తే లెక్కలు, బట్టలు మడిస్తే జ్యామితి, తమ్ముణ్ణి ఎత్తుకుంటే జీవశాస్త్రం! ఈ చివరి మాట దగ్గర అందరూ నవ్వుతారు. నాకూ ఆ మాటంటే మహా ముద్దు.

మాకు ముగ్గురు. పెద్దదానికి పదకొండేళ్ళు. దాని తర్వాత ఆరేళ్ళవాడు, వాణ్ణి అందరూ తుఫాను అంటారు. చివరివాడు బుడ్డోడు, ఇంకా పాకుతున్నాడు. పెద్దది బడికి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే భయంతో వాంతి చేసుకునేది. ఒకరోజు దాని యూనిఫాం విప్పేసి, "ఇంక చాల్లే తల్లీ" అని ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను. మొదటి రెండేళ్ళూ ఎంత బాగా సాగిందో! అదీ నేనూ బల్ల దగ్గర కూర్చున్నామంటే తిండి సంగతి కూడా మరిచిపోయేవాళ్ళం. తర్వాత బుడ్డోడు పుట్టాడు. నేను ఇప్పటికీ ఫోన్లో అందరికీ చెబుతున్నది ఆ రెండేళ్ళ ముచ్చటే అని నాకు తట్టనే లేదు.

ఈమధ్య పెద్దది మా వీధి పటం గీస్తానని మొదలుపెట్టింది. పెద్ద అట్ట ఒకటి సంపాదించింది. మా భవనం, ఎదురుగా మందుల షాపు, మలుపులో బస్టాపు, అన్నీ అడుగులేసి కొలుచుకొచ్చింది. అయితే ఇన్ని అడుగులకు అట్ట మీద ఎంత గీయాలో దానికి తెలియదు. "అమ్మా, ఆ స్కేలు లెక్క ఎలాగో చెప్పవా?" అని అడిగింది. "చెప్తా తల్లీ, ఈ ఫోను కానీ" అన్నాను. మళ్ళీ అడిగింది. "తమ్ముడి స్నానం కానీ" అన్నాను. స్నానం అదే చేయించింది. ఈలోగా నాకు ఇంకో ఫోనొచ్చింది. ఎవరో పాపం, పిల్లలకు శ్రద్ధ లేదని ఏడుస్తోంది. ఆవిడ కన్నీళ్ళు తుడిచేసరికి పొద్దుగూకింది. అట్ట బీరువా వెనక్కి చేరింది.

అలాంటి రోజుల్లోనే బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఫోను చేసింది. వాళ్ళ పాపకూ మా పెద్దదాని ఈడే. క్లాసులో ఎవరితోనూ కలవదట, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుందట. "బడి మాన్పించేద్దామనుకుంటున్నాం అక్కా. మీ ఇంట్లో ఒక్క పూట కూర్చుని చూస్తే నాకు ధైర్యం వస్తుంది" అంది. "రండి రండి! మా ఇంట్లో దాచుకునేదేముంది?" అన్నాను.

అలా చూడ్డానికి రావడం కొత్తేమీ కాదు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినప్పుడు ఇల్లు కాస్త పద్ధతిగా ఉండాలి కదా! ఆ రోజు తెల్లారకముందే లేచాను. ఇల్లు ఊడ్చాను, గిన్నెలు తోమాను, బాల్కనీలో బట్టలు ఆరేశాను. పెద్దది లేచి అలవాటుగా చీపురు కోసం వెతుక్కుంటుంటే, "నీకెందుకివన్నీ? పోయి బల్ల దగ్గర కూర్చో, పటం సంగతి చూద్దాం" అన్నాను. దాని మొహం చూడాలి! పరుగెత్తుకెళ్ళి బీరువా వెనకనుంచి అట్ట లాక్కొచ్చింది. చదువంటే ఎంత ఆశ నా బిడ్డకి అని మురిసిపోయాను. మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ, "ఏంటీ హడావుడి, మంత్రిగారొస్తున్నారా?" అన్నారు. "మీరు దయచేయండి ముందు" అని తలుపు వేశాను.

బ్యాంకావిడ వచ్చింది. వెంట కళ్ళజోడు పెట్టుకున్న పాప. తల్లి కొంగు వదలకుండా నిలబడింది. నేను అట్ట మీద గడులు గీసి, "పది అడుగులు ఒక గడి అనుకుందాం. మరి మందుల షాపు ఎన్ని గడుల దూరం?" అన్నాను. మా పెద్దది వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, పెదాలు కదిపింది, ఉన్నట్టుండి లేచి నిలబడింది. "అమ్మా! అయితే బస్టాపు ఈ అట్టలో పట్టదు! ఇంకో అట్ట అతికించాలి!" కళ్ళజోడు పాప కొంగు వదిలేసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కాసేపటికి ఇద్దరి తలలూ ఆ అట్ట మీదే ఉన్నాయి. బ్యాంకావిడ కళ్ళు చెమర్చాయి. నా వీపు నేనే తట్టుకుందామనిపించింది.

బుడ్డోణ్ణి చంకనేసుకుని, ఒక చేత్తో కూర కలుపుతూ, వంటింట్లోంచే పాఠం చెబుతున్నాను. "ఇంత పనిలో ఇదంతా ఎలా కుదురుతుందక్కా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. "కుదరదమ్మా, కుదుర్చుకోవాలి" అన్నాను, పెద్ద గొప్పగా. ఆ మాట పూర్తయ్యేలోపే బుడ్డోడు నా చీర తడిపేశాడు. వాడి పొడి బట్టలు ఎక్కడున్నాయో నాకు దొరికితే ఒట్టు. ఆ అర లాగాను, ఈ అర లాగాను. పెద్దది అట్ట మీంచి తలెత్తకుండానే, "రెండో అరలో అమ్మా, తువ్వాళ్ళ కింద" అంది. అన్నం పెడుతుంటే తుఫాను కంచం పక్కకి నెట్టి, "నువ్వొద్దు, అక్క కలపాలి. నీకు రాదు" అన్నాడు. "చూశారా, మా ఇంట్లో అందరూ మేనేజర్లే!" అని నవ్వాను. బ్యాంకావిడా నవ్వింది. కాని కాస్త ఆలస్యంగా నవ్వింది.

వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటూ, "ఏం తల్లీ, ఇంట్లో చదువుకోవడంలో నీకు బాగా ఇష్టమైనదేంటి?" అని మా పెద్దదాన్ని అడిగింది. ఏ లెక్కలనో, పటమనో చెబుతుందని నేను తయారుగా ఉన్నాను.

"ఎవరైనా చూడ్డానికొచ్చిన రోజు ఆంటీ" అంది.

"అదేంటమ్మా?"

"ఆ రోజు పనంతా అమ్మే చేస్తుంది. నాకు పాఠం కూడా చెప్తుంది." దాని గొంతులో నిష్ఠూరం లేదు. ఏ బస్సు ఎన్నింటికొస్తుందో చెప్పినట్టు చెప్పింది. తర్వాత కాస్త దగ్గరికి జరిగి అడిగింది: "ఆంటీ, మీరు రేపు కూడా వస్తారా? పటం సగంలో ఉంది. మీరేం చేయక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. టీ నేనే పెడతాను."

సిగ్గుతో చచ్చిపోయాను. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. మాది మూడో అంతస్తు. చీలినా కిందింటివాళ్ళ వంటింట్లో పడతాను, అక్కడా నన్ను తలెత్తుకోనివ్వరు. బ్యాంకావిడ ఎప్పుడో వేసుకున్న చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ క్షణంలో ఊరుకున్నా బావుండేది. ఊరుకుంటే అది నేనెలా అవుతాను? "అయ్యో, దీనికి వేళాకోళం ఎక్కువలెండి! నోటికేదొస్తే అది అనేస్తుంది" అన్నాను.

పెద్దది నా వైపు చూసింది. ఒక్క చూపు. వెంటనే ఆవిడ వైపు తిరిగి, "అవునాంటీ, ఊరికే అన్నాను" అంది. అని నవ్వింది కూడా. నా పరువు కాపాడటానికి నా బిడ్డ అబద్ధమాడింది. అదీ నా ఎదుటే, నేను నేర్పితేనే.

వాళ్ళు మెట్లు దిగుతున్నారు. నా కాళ్ళు గుమ్మం దగ్గర ఆగలేదు. బుడ్డోణ్ణి ఎత్తుకుని వెనకే దిగి, రెండో అంతస్తు మలుపులో అందుకున్నాను.

"అది ఊరికే అనలేదమ్మా. నిజమే చెప్పింది. పొద్దుణ్ణుంచి పని చేసేది అదే. వంటా అదే, వీళ్ళిద్దర్నీ చూసేదీ అదే. నేను ఫోన్లో ఉంటాను. మీలాంటి వాళ్ళకి సలహాలు చెబుతూ ఉంటాను" అన్నాను.

ఆవిడ చాలా మర్యాదస్థురాలు. "అర్థమైందక్కా. మీరు చెప్పిన పద్ధతులన్నీ మంచివే" అంది. నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తర్వాత కూతురి తల నిమురుతూ, "మరి మా పాప సంగతి ఏం చేయమంటారు?" అని అడిగింది.

"నన్నడక్కమ్మా" అన్నాను. కళ్ళజోడు పాప మెట్ల మీంచి తలెత్తి, "ఆంటీ, బస్టాపు గీసేశాక నాకు చూపించమని చెప్పండి" అంది. తలూపాను.

పైకొచ్చేసరికి పెద్దది టీ కప్పులు కడుగుతోంది. అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగింది. "సారీ అమ్మా. ఆవిడ అడిగితే అలా చెప్పకూడదని నాకు తెలీదు" అంది. తడిచేతుల్ని గౌనుకు తుడుచుకుని బుడ్డోడి కోసం చేతులు చాపింది. వాడు నా చంకలోంచి దూకేసినట్టు వెళ్ళిపోయాడు. నువ్వెందుకే సారీ చెప్పేది అని అరవాలనిపించింది. ఏడుపొచ్చింది. స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకున్నాను.

సాయంత్రం మా ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎప్పటిలా ఏదో ఒక జోకు వేస్తారనుకున్నాను. వేయలేదు. "నీకు తెలుసనుకున్నాను" అన్నారు. తెలిసే చేయిస్తున్నానని అనుకున్నారన్నమాట! ఒళ్ళు మండిపోయింది. "తెలిస్తే మీరెందుకు నోరు మూసుకున్నారు?" అని విరుచుకుపడ్డాను. ఆయన వేసుకున్న చొక్కా అంచు పట్టుకుని చూసుకుంటూ, "దీన్ని ఇస్త్రీ చేసేది కూడా అదేనే" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

మర్నాడు ఫోను ఆపేశాను. ఇంట్లో ఎవరూ లేవకముందే లేచి ఊడ్చాను, తోమాను, వండాను. బల్ల తుడిచాను. బీరువా వెనకనుంచి పటం తీసి బల్ల మీద పరిచాను. ఇంకో అట్ట కూడా పక్కన పెట్టాను. బుడ్డోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అమ్మలూ, రా. బస్టాపు గీద్దాం" అని పిలిచాను.

నిద్రమొహంతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఊడ్చిన నేల చూసింది, బల్ల చూసింది, నన్ను చూసింది. గిరుక్కున లోపలికెళ్ళిపోయింది. ఏం కోపమొచ్చిందో అనుకున్నాను. కాసేపటికి తిరిగొచ్చింది. మొహం కడుక్కుంది, జడ వేసుకుంది, మంచి గౌను వేసుకుంది. తుఫానుకి కూడా ఉతికిన చొక్కా తొడిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఇవాళ ఎవరొస్తున్నారమ్మా?" అని అడిగింది.

"ఎవరూ రారు తల్లీ. నువ్వూ నేనే. కూర్చో."

కూర్చుంది. పెన్సిలు కూడా చేతిలోకి తీసుకుంది. కాని చాలాసేపు తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.